చివరి సీటు దాకా

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఒంటిగంటకి బస్సుని షెడ్డులో పెట్టి, ఇంజను ఆపి, డ్రైవరు తన సీట్లోంచి లేచాడు. ఇంటికి పోవడానికి కాదు. చొక్కా జేబులోంచి జానెడు టార్చిలైటు తీసి మొదటి వరుస దగ్గర మొదలుపెట్టాడు. సీటు వీపు మీద చెయ్యి వేయడం, వంగి కింద వెలుతురు కొట్టి చూడడం, తర్వాతి సీటుకి పోవడం. ఇవాళ దొరికినవి ఒక పెన్సిలు ముక్క, సగం కొరికిన బిస్కెట్టు, ఎడమకాలి సాక్సు. షూ కాలికే ఉండగా లోపలి సాక్సు ఒక్కటే ఎలా ఊడిపోతుందో ముప్పై ఏళ్ళుగా పిల్లల్ని మోస్తున్నా ఆయనకి అంతుపట్టలేదు.

"ఆ సీట్లేమైనా నీకు ఆస్తి రాసిస్తామన్నాయా అన్నా?" అంది బస్సు ఆయా, మెట్టు మీద నిలబడి. "పొద్దున్న చూశావ్, మళ్ళీ ఇప్పుడూ చూస్తున్నావ్. ఫంక్షనుకి పోవాలన్నావుగా, గడ్డం గీసుకోవా?"

"చివరి సీటు దాకా చూసొస్తా. నువ్వు పద."

చివరి సీటు దగ్గరికి చేరేసరికి ఆయాసం వచ్చింది. ఎడమచెయ్యి తిమ్మిరెక్కినట్టుంది. ఆ నేరం పొద్దుట తాగిన టీ మీద వేసి, ఒక్క నిమిషం అక్కడే కూర్చున్నాడు. పొట్టి మనిషి, మెడ లావు. కిటికీ వైపుండే మోచెయ్యి ఎండకి నల్లబడి, రెండోదానికి వరసకి కూడా చుట్టం కానట్టుంటుంది. పంతొమ్మిదేళ్ళుగా రోజుకి రెండుసార్లు ఈ సీటు దాకా నడిచాడు గాని, దాని మీద కూర్చోవడం ఇదే మొదలు. మధ్యలో రెండు బస్సులు మారాయి. ఆ నడక మాత్రం మారలేదు.

పంతొమ్మిదేళ్ళ కిందట బస్సుకి ఆయా లేదు. ఒక వానరోజు సాయంత్రం, చివరి స్టాపులో దిగాల్సిన ఒక పాప కోసం రావాల్సిన తల్లి రాలేదు. అద్దంలో చూస్తే వెనక ఎవరూ లేరు. ముందు స్టాపులో స్నేహితురాలితో దిగిపోయి ఉంటుందనుకున్నాడు. అనుకున్నాడే గాని లేచి చూడలేదు. షెడ్డుకొచ్చి బస్సుకి తాళం వేసి, ఎదురుగా ఉన్న టీకొట్టుకి పోయాడు. కబుర్లలో పడ్డాడు. రెండో గ్లాసు చేతికొచ్చాక తట్టింది. ఆ పిల్ల రోజూ కింది మెట్టు మీంచి రెండు కాళ్ళతో దూకి "టాటా మామయ్యా" అని అరిచి మరీ పోతుంది. ఇవాళ ఆ టాటా వినపడలేదు.

 గ్లాసు వదిలేసి వానలో పరిగెత్తాడు. పాప చివరి సీటు కింద, పుస్తకాల సంచీ కావలించుకుని ముడుచుకుని ఉంది. చీకటి బస్సులో ముప్పావుగంట. సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తీసుకుపోతే, గుమ్మంలో తల్లి నోరు తెరవకముందే ఆ పిల్లే చెప్పింది, "బస్సు పాడైందమ్మా" అని. రెండో తరగతి పిల్ల ఆయన ఉద్యోగం నిలబెట్టింది. మర్నాడే టార్చిలైటు కొన్నాడు. ఈ సంగతి పోయిన భార్యతో కూడా చెప్పుకోలేదు. పిల్లల్లేరని ఎవరైనా జాలిపడితే "బస్సునిండా ఉన్నారుగా" అని నవ్వే మనిషి ఆవిడ. ఆ బస్సులోనే ఒక పిల్లని మరిచిపోయానని ఏ మొహంతో చెప్తాడు?

ఆ పాపకే పెళ్ళి. రెండువారాల కిందట షెడ్డుకి తనే వచ్చి శుభలేఖ ఇచ్చింది. పెళ్ళి దూరంగా, అబ్బాయి వాళ్ళ ఊళ్ళో. దానికి ముందు ఇక్కడ రెండువైపుల వాళ్ళూ కలిసి చేసుకునే ఆటపాటల వేడుకకి తప్పకుండా రావాలంది. కవరు మీద స్వదస్తూరీతో "రెండు హారన్ల మామయ్యకి" అని రాసింది. ఆలస్యం చేసే పిల్లల కోసం రెండు హారన్లు కొట్టి, మూడోది కొట్టకుండా వాళ్ళొచ్చేదాకా కూర్చునేవాడని పిల్లలు పెట్టిన పేరది. ఆయనకి పట్టరాని సంతోషమూ వేసింది, భయమూ వేసింది. పిల్లకి ఆ వానరోజు గుర్తుందో లేదో తెలీదు. పెళ్ళయి వెళ్ళిపోయిందంటే మళ్ళీ ఎక్కడ చూస్తాడు? క్షమించమ్మా అన్న మాట ఇవాళ చెప్పకపోతే, అది తనతోపాటే మట్టిలో కలిసిపోతుంది.

ఇంటికి పోయి గడ్డం రెండుసార్లు గీసుకున్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. మడత విప్పినా దాని గీతలు పొట్ట మీద నాలుగు గళ్ళలాగా నిలబడే ఉన్నాయి. పాత చొక్కా జేబులోంచి టార్చిలైటు తీసి కొత్త జేబులో పెట్టుకున్నాడు. పట్టపగలు ఫంక్షనుకి టార్చిలైటెందుకో ఆయన్ని అడిగేవాళ్ళు ఇంట్లో లేరు.

మూడింటికి హాలు దగ్గరికి చేరాడు. గేటు నిండా పూలు, లోపల్నుంచి పాటలు. నీలం సూటు వేసుకున్న ఒకతను నవ్వుతూ ఎదురొచ్చాడు.

"రండి రండి. ఎవరి తరపండీ? అమ్మాయి తరపా, అబ్బాయి తరపా?"

పాపం మామూలు ప్రశ్నే.  డ్రైవరు దారి పొడుగునా వల్లెవేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఏ గేటు దగ్గర ఎవరడిగినా చెప్పే మాటే వచ్చేసింది.

"డ్రైవర్నండీ."

"ఓహో. డ్రైవర్లకి భోజనాలు వెనకవైపు పెట్టించాం. ఇలా గోడ పక్కనుంచి వెళ్ళండి," అన్నాడతను మర్యాదగానే. జేబులో శుభలేఖ ఉంది. తీసి చూపించొచ్చు. ఆయన తలూపి గోడ పక్కనుంచి వెళ్ళాడు.

వెనకవైపు రేకుల కింద ఐదారుగురు డ్రైవర్లు భోంచేస్తున్నారు. జరిగి చోటిచ్చారు.

"ఏ బండన్నా నీది?"

"బస్సు."

"అబ్బో! ఎంతమందిని తెచ్చావేంటి?"

"నేనొక్కణ్ణే."

రేకులెగిరిపోయేలా నవ్వారు. ఆయనా నవ్వాడు. పళ్ళెంలో అన్నం కెలుకుతున్నాడు గాని ముద్ద దిగడం లేదు. గోడకి అవతల పాట మారినప్పుడల్లా చప్పట్లు. ఇక్కణ్ణుంచే వెళ్ళిపోతే ఎవరికీ తెలీదు కదా అనుకున్నాడు. సిగ్గేసింది. పంతొమ్మిదేళ్ళు మోసినవాడు పది గజాలు మోయలేక దించేస్తాడా? పళ్ళెం పక్కన పెట్టి లేవబోయాడు.

వంటింటి తలుపు తెరుచుకుంది. పెళ్ళికూతురు కుచ్చిళ్ళు రెండుచేతులా ఎత్తిపట్టుకుని, వెనక ఇద్దరాడవాళ్ళు "ఎక్కడికే" అంటున్నా వినకుండా వచ్చేసింది.

"ఇక్కడ కూర్చున్నారా! గేటు దగ్గర డ్రైవర్నని చెప్పారటగా! హారను కొట్టకుండా వస్తే నాకెలా తెలుస్తుంది మామయ్యా?"

డ్రైవర్లంతా పళ్ళేలు పట్టుకుని లేచి నిలబడ్డారు. ఆయన చెయ్యి కడుక్కునేదాకా ఆగి, ఆమె ఆ తడిచెయ్యే పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. వంటింటికీ హాలుకీ మధ్య సన్నటి నడవలో ఆయన ఆగిపోయాడు.

"తల్లీ, ఒక మాట. నువ్వు రెండో తరగతిలో ఉండగా... వానరోజు... నేను నిన్ను చూసుకోకుండా..." జేబులో టార్చి తడుముకున్నాడు. "నువ్వు నిద్రపోయావు. నేను తాళం వేసి వెళ్ళిపోయా."

ఆమె మొహంలో నవ్వు పోయింది.

"నేను నిద్రపోలేదు మామయ్యా. దాక్కున్నాను."

"దాక్కున్నావా?"

"ఆ రోజు సాయంత్రం నాన్న పెట్టె సర్దుకుని వెళ్ళిపోతానన్నాడు. నేను ఇంటికి రాకపోతే ఆగిపోతాడనుకున్నా. మీరు అద్దంలో చూసినప్పుడు సీటు కిందకి దూరాను." వేలితో కన్ను కొస తుడుచుకుంది. "నాన్న ఆగలేదు. నేనెక్కడున్నానని అడగను కూడా అడగలేదట. మీరొచ్చారు. వానలో తడిసి, ఏడుస్తూ, ప్రతి సీటు కిందా చేతులు పెట్టి వెతికారు. నాకోసం కూడా ఒకళ్ళు అలా వెతుకుతారని ఆ రోజే తెలిసింది. ఇంట్లో ఎప్పుడు ఏడుపొచ్చినా అదే తలుచుకునేదాన్ని."

ఆయన గోడకి ఆనుకున్నాడు. ఏదో అనబోయి, "పంతొమ్మిదేళ్ళమ్మా" అని మాత్రం అన్నాడు. తర్వాత నవ్వొచ్చింది, దాన్ని తోసుకుంటూ ఏడుపూ వచ్చింది. కొత్త చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. ఒంట్లోంచి బరువంతా ఎవరో దించేసినట్టయింది.

"మొదటి వరుసలో మీకు కుర్చీ వేయించాను, రండి."

"వద్దు తల్లీ. ముప్పై ఏళ్ళూ ముందు సీట్లోనే కూర్చున్నా. అద్దంలో తప్ప ఒక్కళ్ళ మొహం సరిగ్గా చూసింది లేదు. ఇవాళ చివర కూర్చుంటా. అందరూ కనపడతారు."

"సరే. కానీ నాకు చెప్పకుండా వెళ్ళకూడదు."

"వెళ్ళను."

చివరి వరుసలో గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. చుట్టాలు పాడారు, పడీపడనట్టు ఆడారు. పెళ్ళికొడుకు అడుగు తప్పితే పెళ్ళికూతురు పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి ఈయనా నవ్వాడు. కాసేపటికి చిన్నప్పటి ఫొటోలు తెర మీద చూపిస్తామని దీపాలు తగ్గించారు. ఆయనకి సరిగ్గా ముందున్న వరుసలో ఒక చిన్నపిల్ల చెప్పు కనపడక ఏడుపు లంకించుకుంది. ఆయన వంగి, టార్చిలైటు వేసి, వెలుతురు కుర్చీల కిందికి పోయేలా నేల మీద పెట్టాడు.

"అదిగో, ఆ కాళ్ళ మధ్య ఉంది చూడమ్మా."

పిల్ల చెప్పు తెచ్చుకుంది. ఆయన మళ్ళీ వంగి టార్చి తీసుకోవాలనుకున్నాడు. ఛాతీలో ఏదో గట్టిగా పట్టేసింది. కాసేపాగి తీసుకుందాంలే అని తల గోడకి ఆనించాడు. తెర మీద రెండు జడల పాప సంచీ తగిలించుకుని, ముందు పళ్ళు లేకుండా నవ్వుతోంది.

దీపాలు వెలిగాయి. తీపి పళ్ళేలు తిరిగాయి. ఒకావిడ ఆయన ముందు ఆగి, "పెద్దాయన మంచి నిద్రలో ఉన్నాడు, లేపకండి" అని పక్కావిడకి చెప్పింది. పొద్దు వాలుతుండగా ఒక్కొక్కరే లేచారు. కుర్చీలు సర్దేవాళ్ళు ముందు వరుస నుంచి మడతపెట్టుకుంటూ వచ్చి, చివరి వరుస వదిలేసి టీకి పోయారు.

బయట పెళ్ళికూతురు అందరికీ చేతులూపి కారెక్కబోయింది. ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయింది.

"ఏమైందే?" అంది తల్లి.

"మామయ్య వెళ్ళొస్తానని చెప్పలేదు."

"వెళ్ళిపోయుంటారులే."

"చెప్పకుండా వెళ్ళరు."

కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరిగెత్తింది. ఖాళీ హాల్లో మడత కుర్చీల దొంతరలు దాటుకుంటూ, ఒక్కోదాని వెనకా చూసుకుంటూ చివరిదాకా వెళ్ళింది. ఆయన తల గోడకి ఆని ఉంది. మొహం ప్రశాంతంగా ఉంది. నిద్రే అనుకుంది. చిలిపిగా ముందుకి వంగి, నోటితో రెండు హారన్లు కొట్టింది.

ఆయన కదల్లేదు.

మూడో హారను ఆయన ఏ పిల్ల కోసమూ ఎన్నడూ కొట్టలేదు. ఆమె కొట్టింది. తర్వాత చల్లబడిన ఆయన చెయ్యి పట్టుకుని, అలాగే నేల మీద కూలబడింది.

జనం పరిగెత్తుకొచ్చారు, ఆయన్ని నలుగురు పట్టుకుని తీసుకుపోయారు. ఆ చివరి కుర్చీ కింద టార్చిలైటు ఇంకా వెలుగుతూ, ఎవరూ లేని నేలని అవతలి గోడ దాకా చూపిస్తోంది.