తలుపు చాటు పంక్తి

వంటింట్లో అక్కాతమ్ముళ్ళిద్దరూ పగలబడి నవ్వుతున్నారు. గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్న బావకి ఒళ్ళు మండింది. తను ఎదురుగా ఉన్నప్పుడు భార్య అలా నవ్వి ఎన్నాళ్ళయిందో!

అతనికీ ఒకప్పుడు ఓ పేరుండేది. దాన్ని బావమరిది మింగేశాడు. ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన మొదటిరోజే వరండా అదిరేలా "బావా!" అని కేక పెట్టాడు. అంతే, గుమస్తా దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ అతను బావగారైపోయాడు. వాణ్ణి భౌతికశాస్త్రం చదవమని పోరినవాడు తను. ఆ ఉద్యోగంలో వేయించినవాడు తను. తీరా చూస్తే వాడి గది ముందు జనం, తన గది ముందు చీపురు.

ఇప్పుడు ఇద్దరివీ కాంట్రాక్టు ఉద్యోగాలే. పర్మనెంటు కుర్చీ మాత్రం ఒకటే ఖాళీ అయింది. పోయినవారం బావ ఉపన్యాసం చెప్తుంటే డైరెక్టరు రెండుసార్లు ఆవలించాడు. ఈ శుక్రవారం బావమరిది వంతు. అది విన్నాక కుర్చీ ఎవరిదో తేలుతుంది.

బావ వంటింట్లోకి తొంగి చూశాడు. బావమరిది చేతిలో టార్చిలైటు ఉంది.

"కాంతి వేగం తగ్గీ తగ్గీ దాదాపు సున్నా అయిందనుకో అక్కా. టార్చి నొక్కితే వెలుతురు దీని అద్దం కూడా దాటదు. ఏ కబురూ కాంతిని మించి పరిగెత్తలేదు కదా? కాంతే చతికిలబడితే ఇంక ఎక్కడివాళ్ళక్కడే. పక్కన నుంచుని గొంతు చించుకున్నా నీకు చేరదు."

"అచ్చం మీ బావే," అందావిడ. "పక్కనే కూచుంటారు. ఏం చెప్పినా చేరదు."

మళ్ళీ నవ్వులు.

"చేరింది," అన్నాడు బావ గుమ్మంలోంచి.

బావమరిది ఏమాత్రం తడబడలేదు. "సమయానికొచ్చావు బావా! అలాంటి లోకంలో ఒంటరి కణం కదలదు, ఒప్పుకున్నాం. కానీ రెండింటిని జంట కడితే కదులుతుంది! శుక్రవారం చెప్పబోయేది అదే."

"కదలదు."

"కదులుతుంది బావా. గోడ మీద రాశాను, చూసుకో."

"నీ లెక్కలు దిద్దడానికి నాకు తీరికెక్కడిది?" అని బావ చరచరా వెళ్ళిపోయాడు.

ఆ గోడ మధ్యగదిలో ఉంది. ఒకప్పుడు ఆవిడ అతని కోసమే, నిలువెత్తునా నల్లరంగు వేయించి, సుద్దముక్కల డబ్బాతో సహా బహుమతిగా ఇచ్చింది. మేడమీది గదిలోకి తమ్ముడు దిగాక ఆ గోడ కూడా వాడిదైంది. బావ చేతిరాత ఇప్పుడు కిటికీ పక్కన జానెడు మేర మిగిలింది.

మర్నాడు పొద్దున బావమరిది స్నానాలగదిలో పాటలు పాడుతున్నాడు. బావ పిల్లిలా మధ్యగదిలో దూరాడు. చూడనని బీరాలు పలికి ఇప్పుడు చూస్తూ దొరికిపోతే పరువు పోతుంది. అందుకని తలుపు బార్లా తెరిచిపెట్టి, ఒక చెవి నీళ్ళ చప్పుడుకి అప్పగించి, కళ్ళు గోడకి అప్పగించాడు.

పై రెండు పంక్తులూ మామూలే. మూడోదాని దగ్గర అతని కళ్ళు ఆగిపోయాయి.

కాంతి వేగానికి అందరూ రాసే అక్షరం సి. కణం వేగం కావాలంటే సి వర్గాన్ని ద్రవ్యవేగంతో హెచ్చవేసి శక్తితో భాగించాలి. మూడో పంక్తిలో ద్రవ్యవేగం ఉంది, కింద శక్తికి ఏదో చిన్న అక్షరం ఉంది. సి వర్గం లేదు!

సిద్ధాంతాల వాళ్ళకి ఒక పాడు అలవాటుంది. కాంతి వేగాన్ని ఒకటి అనేసుకుంటారు. ఒకటితో హెచ్చవేస్తే మారేదేమీ లేదు కనక ఆ అక్షరం రాయడమే మానేస్తారు. మిగతా లెక్కల్లో దానివల్ల నష్టం లేదు. ఆ అక్షరాన్నే సున్నాకి తొక్కే లెక్కలో మాత్రం కొంప మునుగుతుంది. సి వర్గాన్ని తిరిగి పెడితే వేగం సున్నా. జంటా లేదు, కదలికా లేదు. శుక్రవారం చెప్పుకోవడానికి వాడి దగ్గర ఏమీ లేదు.

బావ ఒంట్లో చల్లటి హాయి పాకింది. నీళ్ళు ఆగిపోయాయి. అతను గబగబా బయటపడ్డాడు.

కాఫీ అందిస్తూ ఆవిడ గొంతు తగ్గించింది. "చూశారు కదూ? సుద్దపొడి మీ చొక్కాకే ఉంది. వాడి లెక్క సరిగ్గా ఉందా అండీ? నాకు భయంగా ఉంది. మీరు బాగుందంటే నిశ్చింతగా ఉంటాను."

ఇక్కడ ఒక్క మాట చెప్తే సరిపోయేది.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు బావ. కాఫీ కూడా బ్రహ్మాండంగా ఉంది.

అక్కడితో ఆగినా బాగుండేది. తిన్నగా డైరెక్టరు దగ్గరికెళ్ళి, "మావాడి ఉపన్యాసం పెద్దహాల్లో పెట్టించండి సార్, పక్క యూనివర్సిటీ వాళ్ళని కూడా పిలుద్దాం," అన్నాడు.

"బావమరిదంటే ఎంత అభిమానమయ్యా నీకు!" డైరెక్టరు మురిసిపోయాడు.

పడేవాడు ఎత్తు మీంచి పడాలని బావ అభిమానం.

శుక్రవారం హాలు కిటకిటలాడింది. పళ్ళ డాక్టరైన ఆవిడ ఆసుపత్రికి ఒక పూట సెలవు పెట్టి వచ్చి వెనక వరసలో కూచుంది. బావ కావాలనే ముందు వరసలో కూచున్నాడు. పడేటప్పుడు మొహం దగ్గర్నుంచి చూడాలి.

బావమరిది బోర్డుని నాలుగుసార్లు తుడిచి, నిండా రాసుకుంటూ పోయాడు. బావ అదేమీ వినలేదు. అడగబోయే ప్రశ్నని నోట్లో చాక్లెట్టులా చప్పరిస్తున్నాడు. ఆ పంక్తి బోర్డుమీద పడింది. గోడమీద ఉన్నట్టే ఉంది, సి లేదు. బావ లేచి నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం. వేగానికి ముందు సి వర్గం ఉండాలి. ఏమైంది? ఒకటనుకుని వదిలేశావా?" హాలంతా తనవైపు తిరిగేసరికి అతనికి ఇంకొంచెం హుషారొచ్చింది. "ఇప్పుడు తట్టింది కాదు. ఇంటి గోడమీద మంగళవారం పొద్దునే పట్టుకున్నాను ఈ తప్పుని."

బావమరిది మొహం వెలిగిపోయింది.

"భలే అడిగావు బావా! అందరికీ వచ్చే అనుమానమే అది. మొదట్లో చెప్పాను, మళ్ళీ చెప్తాను. ఈ రెండు కణాల మధ్య ఆకర్షణని ఎంత బిగిస్తున్నానంటే, వాటి సొంత శక్తులు ఆ బంధంలో ఖర్చైపోతాయి. సి వర్గం ఎంత తగ్గితే జంట మొత్తం శక్తి కూడా అంతే తగ్గుతుంది. పైన సి వర్గం, కింద శక్తిలో సి వర్గం. రెండూ కొట్టేస్తే మిగిలింది ఈ చిన్న అక్షరం. అందుకే ఒంటరిది కదలదు, జంట కదులుతుంది!"

ఎవరో చప్పట్లు మొదలెట్టారు. డైరెక్టరు వెనక్కి వాలి, "సరైన చోట సరైన ప్రశ్న! ఇంట్లోనే రిహార్సల్ వేసుకొచ్చారన్నమాట," అన్నాడు. ఈసారి ఆయన ఆవలించలేదు.

ఉపన్యాసం అయ్యాక బావమరిది వచ్చి అమాంతం కౌగిలించుకున్నాడు. "నువ్వడక్కపోతే సగంమందికి అర్థమయ్యేది కాదు బావా. నా ఋణం ఎలా తీర్చుకోను?"

బావ ఆ భుజం మీదుగా వెనక వరసకేసి చూశాడు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆవిడ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

ఇంటిదారిలో కారు సిగ్నలు దగ్గర ఆగాక ఆవిడ అంది:

"మంగళవారం పొద్దున తప్పు పట్టుకున్నారు. మంగళవారం పొద్దునే నాతో బ్రహ్మాండంగా ఉందన్నారు."

"అది తప్పు కాదని తేలింది కదోయ్..."

"తేలింది ఇవాళ. ఆవేళ మీ లెక్కలో మా తమ్ముడు పడిపోతున్నాడు. ఆ సంగతి తెలిసి మీరు కాఫీ తాగారు, ఇంకో కప్పు అడిగారు."

సిగ్నలు మారింది. వెనక కారువాడు హారన్ మోగించాడు.

"రోజంతా జనం నోళ్ళు తెరిపిస్తాను," అందావిడ. "మీ నోరు మాత్రం నేను తెరిపించను. వాడు మిమ్మల్ని దేవుడనుకుంటున్నాడు. అది భ్రమో కాదో వాడికి మీరే చెప్పండి. మీరు చెప్పేదాకా నాతో మాట్లాడకండి."

సాయంత్రం ఫోనొచ్చింది. కుర్చీ బావమరిదికే. ముందుగదిలో స్వీట్లు పంచుతున్నారు. బావ మధ్యగదిలోకి వెళ్ళి కూలబడ్డాడు. సిగ్గుపడాలని చూశాడు గానీ ముందుగా వచ్చింది అసూయే. ఆ కుర్చీ, ఆ నవ్వులు, ఆఖరికి ఈ గోడ కూడా వాడివే.

సి వర్గంతో పాటు జంట శక్తీ తగ్గుతుందని చెప్పే పంక్తి ఈ గోడమీద ఎక్కడుంది? మంగళవారం తను గోడంతా చదివాడు కదా! లేచి వెతికాడు. లేదు. అప్పుడు చూపు తలుపు మీద పడింది. బార్లా తెరిస్తే ఆ తలుపు పోయి నల్లగోడ ఎడమ కొసకి ఆనుకుంటుంది. ఆవేళ నీళ్ళ చప్పుడుకి చెవి ఒగ్గడానికి తను బార్లా తెరిచింది దాన్నే.

నెమ్మదిగా తలుపు మూశాడు. ఎడమ పక్కన, కళ్ళకి ఎదురుగా, పెద్దపెద్ద అక్షరాల్లో ఉంది. జంట శక్తి, సి వర్గం, ఆ చిన్న అక్షరం. కింద గీత కూడా గీసి ఉంది. తలుపేసుకుని దర్జాగా చదివిన మనిషికి మొదట కనబడేది అదే.

బయటినుంచి తలుపు తట్టిన చప్పుడు.

"బావా! స్వీటు తెచ్చాను. తలుపేసుకున్నావేంటి?"

వరండాలో వాడి వెనకే ఆవిడ అడుగులు కూడా వినబడి ఆగిపోయాయి. బావ గొంతు సవరించుకున్నాడు. బాగుందిరా, కంగ్రాట్స్, అనేస్తే అయిపోతుంది. వాడికి ఎప్పటికీ తెలియదు. ఆవిడ ఎప్పటికీ మాట్లాడదు.

తలుపు తీశాడు.

"లోపలికి రా," అన్నాడు. "స్వీటు పక్కన పెట్టు. నేను చెప్పేది విన్నాక కూడా ఇవ్వాలనిపిస్తే అప్పుడివ్వు."