వైశాఖంలో నక్క

అశోక్‌నగర్ అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా రాకముందు ఈదయ్య ఊళ్లో నక్కలు పట్టేవాడు. అందుకే పక్క పాడుబడ్డ బంగళాలో నక్క తిరుగుతోందని తెలియగానే, అసోసియేషన్ ప్రెసిడెంట్ దమయంతి అతన్నే పిలిచింది.

"ఫారెస్టోళ్లకు చెప్పిన, ఇంకా వస్తలేరు. ఎల్లుండి బంగళా కూలగొడతరంట. అది మన సెల్లార్‌ల జొరబడితే పరేషాన్. జర పట్టరాదు?"

"ఇప్పుడు పట్టొద్దమ్మా. పుష్యమాసంల పట్టాలె. చలికి ఆకలి మీదుంటది, ఎరకు వస్తది. ఉచ్చు తీగను వేపాకుల ఉడకబెట్టి మనిషి వాసన పోగొట్టాలె, అది రోజు నడిచే దారిలనే కట్టాలె. ఇది వైశాఖం. పిల్లలుంటయి." ఈదయ్య గొంతు తగ్గింది. "ఇరవై ఏండ్ల కింద నేను ఆగలే. తల్లి ఉచ్చు తెంపుకొని మెడల తీగతోనే ఉరికింది. పిల్లలు మూడు దినాలు ఏడ్చినయి. బొరియ నాకు దొర్కలే. మళ్ల ఉచ్చు ముట్టలే."

"పట్టకున్నా మంచిదే. యాడున్నదో చూడు, చాలు."

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఈదయ్య బంగళాలోకి వెళ్లాడు. అరచేతులు నోటికి చుట్టి నక్కపిల్లలా ఏడ్చాడు. చిక్కడపల్లి రోడ్డు హారన్లు ఒక్కసారిగా ఆగినట్టయింది. జవాబు వెనకనుంచి వచ్చింది.

అతను లోపలికి వచ్చిన గుమ్మంలోనే నక్క కూర్చుని ఉంది. మెడ చుట్టూ వెంట్రుకలు లేని సన్నటి గీత. నక్క ఇరవై ఏళ్లు బతకదని ఈదయ్యకు తెలుసు.

"తప్పైంది తల్లీ," అన్నాడు చేతులు జోడించి.

అది అతని మోకాలిని రాసుకుంటూ నడిచింది. ఎండుటాకులు చప్పుడు చేయలేదు. మెట్ల కిందకు వెళ్లి, మాయమైంది. ఈదయ్య వంగి చెయ్యి పెట్టి చూస్తే నాలుగు పిల్లలు, వెచ్చగా.

మర్నాడే బంగళా కూలగొడతారని, పిల్లలను తట్టలో పెట్టి తువ్వాల కప్పి, ఆటోలో అడిక్‌మెట్ వైపు తీసుకెళ్లాడు. యూనివర్సిటీ పొదల దగ్గర తువ్వాల తీసేసరికి ఆ తల్లి ఎదురుగా కూర్చుని ఉంది. ఆటో ఎక్కడా ఆగలేదు, దారికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని పొదల్లోకి తీసుకెళ్లింది. నాలుగోదాన్నీ తీసుకున్నాక ఈదయ్య నేల చూశాడు. మెత్తటి దుమ్ము. అడుగుజాడ ఒక్కటీ లేదు.

ఆటో ఎక్కబుద్ధి కాక నడిచే తిరిగొచ్చాడు.

"కనపడ్డదా?" అంది దమయంతి, మంచినీళ్లిస్తూ.

"కనపడ్డదమ్మా. పిల్లలను తీస్కపోయింది."

"నిన్నేమన్న చేసిందా?"

"ఏం జెయ్యలే."

గ్లాసు పక్కన పెట్టి, అది రాసుకున్న మోకాలిని తడిమి చూసుకున్నాడు.