మెడదాకా మట్టి

కుట్టుమిషను ఆపాక గానీ ఇంట్లో అలికిడి లేదన్న సంగతి ఆమెకు తట్టలేదు. పక్కింటి పిన్ని ఇచ్చిన కిటికీ తెరలు ఇవాళ ఎలాగైనా అవగొట్టాలని పొద్దున్నుంచీ వంచిన తల ఎత్తలేదు. ఇద్దరు పిల్లలున్న కొంప అంత బుద్ధిగా ఉందంటే ఏదో మూడిందన్నమాటే. గ్లాసు పగలాలి, తలుపు దబ్బున పడాలి, కనీసం "అమ్మా, అక్క చూడవే" అన్న రాగమైనా వినపడాలి. ఏదీ లేదు. మెడలో వేలాడుతున్న టేపు తీయకుండానే లేచి పెరట్లోకి వచ్చింది.

పెరడని పేరే గానీ అది తోట. ఊరికి ఎడంగా, పొలాల మధ్య ఉన్న ఆ ఇంటి వెనక ఆమె మొగుడు నారు పెంచి అమ్ముతాడు. ట్రేలలో మొలకలు, మళ్ళలో టమాటా, వంగ, మిరప, గోడ వారన ఎరువుగుంట. కొత్తగా నాటిన మొక్కల మీద బోర్లించిన గంపలు వరసగా ఉన్నాయి. ఎండ తగలకుండా అవి పొద్దు వాలేదాకా అలాగే ఉండాలి. మధ్యలో ఎవరైనా గంప ఎత్తి తొంగిచూశారో, ఆయనగారికి ఎక్కడలేని కోపం ముంచుకొస్తుంది. "నాటినదాన్ని కదపకూడదని ఎన్నిసార్లు చెప్పాలి?" అని తోటంతా దద్దరిల్లేలా అరుస్తాడు. ఇవాళ ఆయన వ్యానులో నారు వేసుకుని బజారుకు వెళ్ళాడు కాబట్టి తోట ప్రశాంతంగా ఉంది.

గంపల వరస చివర పెద్దపిల్ల బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో నీళ్ళు చల్లే డబ్బా, మోచేతులదాకా బురద. ఏడేళ్ళకే ఇంట్లో అందరికీ పనులు పురమాయిస్తుందని దాన్ని మేస్త్రమ్మ అని పిలుస్తారు. ఇప్పుడు కూడా కూలీలను కాపలా కాస్తున్నట్టే కూర్చుంది.

"తమ్ముడేడే?"

"ఉన్నాడు."

"ఉన్నాడంటే ఎక్కడున్నాడు?"

"ఉన్నాడమ్మా. సాయంత్రం వస్తాడు."

సాయంత్రం వస్తాడా! నాలుగేళ్ళ వెధవ, ఉద్యోగానికి వెళ్ళినవాడిలా సాయంత్రం రావడమేమిటి? ఆమెకు మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత పిల్ల మొహం చూసింది. అందులో ఆట లేదు.

"ఎక్కడికి వెళ్ళాడే? ఎవరితో వెళ్ళాడు?"

మేస్త్రమ్మ పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది.

ఆ తర్వాత ఏం చేసిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. ముందు నీళ్ళతొట్టి దగ్గరికి పరిగెత్తింది. తొట్టి అంచు వాడి గడ్డందాకా వస్తుంది, స్టూలు ఎక్కితే వాడు లోపలికి వంగగలడు. పక్కనే స్టూలు ఉంది. భుజందాకా చెయ్యి ముంచి తొట్టి అడుగంతా దేవింది. పాకుడు తప్ప ఏమీ తగల్లేదు. అక్కడినుంచి గేటు దగ్గరికి. గడియ పెట్టి లేదు. ఈ మనిషికి గేటు వెయ్యమని చెప్పిచెప్పి ఆమె నోరు పడిపోయింది. రోడ్డు మీదికి వచ్చి అటూ ఇటూ చూసింది. ఎండ తప్ప పురుగు లేదు.

"బుడ్డోడా!" అని అరిచింది.

ఆ కేకకు పక్కింటి పిన్ని గుమ్మంలోకి వచ్చింది. "ఏమైందే?"

"పిల్లాడు కనపడటం లేదు పిన్నీ! మీ ఇంటికేమైనా వచ్చాడా?"

"రాలేదే! ఉండు, నేను కాలవ వైపు చూసొస్తాను." మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడానికే మూలిగే ఆవిడ చెప్పుల్లేకుండా పరిగెత్తింది. కాలవ అన్న మాట వినగానే ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి.

మంచాల కింద, బట్టల బీరువాలో, మిషను వెనక గుడ్డపేలికల మూటలో, అన్నిచోట్లా వెతికింది. దండెం మీద వాడి నీలం చొక్కా ఆరుతోంది. పోయినేడు తనే కుట్టింది. ఏడాది తిరిగినా వాడికి అది వదులుగానే ఉంది. ఆ చొక్కా సంగతే కదా మొన్న పిన్నితో చెప్పుకుని కళ్ళు తుడుచుకుంది! "వీడు ఎదగడం లేదు పిన్నీ. డాక్టరేమో కొందరు పిల్లలంతే, కంగారు పడకండి అంటాడు. కన్నతల్లికి కంగారు కాకపోతే ఇంకేముంటుంది?" పిల్లలిద్దరూ అక్కడే కూర్చుని బొత్తాలు దారానికి గుచ్చుతున్నారు. చిన్నపిల్లలకేం తెలుస్తుందిలే అనుకుంది. వాడు దారిలో ఎదురైతే చాలు, చెయ్యి పట్టుకుని ఆపి, మెడలో టేపు తీసి, మడమ నుంచి నడినెత్తిదాకా కొలవడం ఆమెకు అలవాటైపోయింది. కొలిచిన ప్రతిసారీ నిట్టూర్పు. ఇప్పుడు ఆ చొక్కాను గుండెలకు హత్తుకుని, వాడు ఎంతుంటే అంతే ఉండనీ, కనపడితే చాలు అని మనసులోనే ఎవరెవరికో మొక్కుకుంది.

మళ్ళీ తోటలోకి వచ్చింది. మేస్త్రమ్మ బకెట్టు మీంచి కదల్లేదు. తల్లి ఇల్లంతా గుండెలు బాదుకుంటూ తిరుగుతుంటే ఈ పిల్ల తాపీగా డబ్బాతో నీళ్ళు చల్లుతోంది! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. రెక్క పట్టి లేపింది.

"చెప్తావా, చంపనా?"

"సాయంత్రందాకా చెప్పకూడదు. చెప్తే నువ్వు పీకేస్తావు."

చెంప ఛెళ్ళుమంది. కొట్టాలని అనుకోలేదు, చెయ్యి తనంతట తనే లేచింది. పిల్ల కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి గానీ ఏడవలేదు. బుగ్గ మీద బురదచెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏం పీకేస్తానే? ఏం చేశావు వాణ్ణి?"

"నాటాను," అంది పిల్ల.

ఆమెకు అర్థం కాలేదు. ఆ మాట విన్నది, అయినా బుర్రలోకి ఎక్కలేదు. నాటడమేమిటి? మొక్కను నాటుతారు, పిల్లాణ్ణి నాటడమేమిటి? అప్పుడు ఆమె చూపు గంపల వరస మీద పడింది. వరస చివర, నిన్న నిమ్మమొక్క కోసం మొగుడు నడుము పట్టేసేలా తవ్విన గొయ్యి ఉండాలి. దాని పక్కన మట్టికుప్ప ఉండాలి. గొయ్యి లేదు. మట్టికుప్పా లేదు. ఆ చోట నేల చదునుగా, తడిగా ఉంది. దాని మీద అన్నిటికంటే పెద్ద గంప బోర్లించి ఉంది.

నాలుగడుగుల దూరం దాటడానికి జీవితకాలం పట్టినట్టనిపించింది. గంపను కాలితో తన్నేసింది.

మట్టిలోంచి వాడి తలకాయ ఒక్కటే పైకి ఉంది. ఒక పక్కకు వాలి ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. జుట్టు మీంచి నీళ్ళు కారుతున్నాయి, పెదవి మీద ఎండుటాకు ముక్క అంటుకుని ఉంది.

ఆమె మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో ఆ మొహాన్ని పట్టుకుంది. వెచ్చగా ఉంది.

కళ్ళు తెరుచుకున్నాయి.

"సాయంత్రం అయిందా?" అన్నాడు బుడ్డోడు, నిద్రమత్తులో.

ఆమె ఏడ్చిందో నవ్విందో తెలియదు. కుక్క తవ్వినట్టు రెండు చేతులతో మట్టి తోడింది. గోళ్ళు విరిగాయి. వాడు గోతిలో బాసిపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు, చేతులు కూడా లోపలే. మేస్త్రమ్మ పనితనం మామూలుగా లేదు. ఆకు ఎరువూ మట్టీ కలిపి, నాన్న వేసినట్టే పొరలు పొరలుగా వేసి, నాన్న నొక్కినట్టే చుట్టూ అరచేత్తో నొక్కింది. ఆ నొక్కడం ఇంకాస్త గట్టిగా నొక్కి ఉంటే? ఆ పైన ఆలోచన సాగలేదు. ఆమె చేతులు మాత్రం తవ్వుతూనే ఉన్నాయి.

గేటు దగ్గర వ్యాను ఆగింది. మొగుడు లోపలికి వస్తూనే తన్నేసిన గంపను చూసి, "ఎవరు ఎత్తారది?" అని గొంతు పెంచాడు. తర్వాత గోతిలో ఏముందో కనపడింది. చేతిలో ఉన్న ఖాళీ ట్రేలు కింద పడ్డాయి. ఆ మనిషి అంత తెల్లగా పాలిపోవడం పెళ్ళైన నాటినుంచీ ఆమె చూడలేదు. ఒక్క అంగలో వచ్చి, వాడి చంకల కింద చేతులు వేసి, వేరు తెగకుండా మొక్కను తీసినట్టు మెల్లగా పైకి తీశాడు.

నేల మీద నిలబెడితే వాడి కాళ్ళు మడతపడిపోయాయి.

"చీమలు కుడుతున్నాయి," అని వాడు కాళ్ళు విదిలించాడు. తిమ్మిరి! ఒట్టి తిమ్మిరి! తండ్రి ఆ కాళ్ళను ఒళ్ళో పెట్టుకుని రుద్దాడు. ఈలోగా పిన్ని కాలవ గట్టు మీంచి రొప్పుతూ వచ్చి, పిల్లాణ్ణి చూసి, అక్కడే నేల మీద చతికిలబడింది.

అప్పుడు ఏడ్చింది మేస్త్రమ్మ. చెంపదెబ్బకు రాని ఏడుపు ఇప్పుడు వెక్కివెక్కి వచ్చింది. "పీకేశావు! ఇంకా పొద్దు వాలలేదు, అప్పుడే పీకేశావు! ఇక వాడు ఎదగడు. అంతా నీవల్లే!"

"ఎదగడానికా?" అంది ఆమె. "వాడు ఎదగాలని పూడ్చిపెట్టావా?"

"నాన్న అలాగే చేస్తాడుగా! టమాటా నీరసంగా ఉంటే మెడదాకా పూడుస్తాడు. అప్పుడు పుంజుకుంటుంది."

తండ్రి తల వంచుకున్నాడు. అది ఆయన మాటే. అక్షరం పొల్లు పోలేదు.

"ఎంత ప్రమాదమో తెలుసా అసలు?" అంది ఆమె. "వాడికి ఊపిరాడకపోతే? కొన్నాళ్ళు ఆగితే వాడే ఎదిగేవాడు కదే, అంత తొందరేమొచ్చింది నీకు?"

మేస్త్రమ్మ తల్లి వైపు కాదు, తండ్రి వైపు చూసింది. చూసి, గోడ వారన ఉన్న ఎరువుగుంట వైపు చూసింది.

"నాన్న ఆదివారం ఏరతాడు," అంది చిన్నగా.

ప్రతి ఆదివారం ఆయన ట్రేలు ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఎదిగిన నారు ఒక పక్క పెడతాడు, ఎదగనిది వేళ్ళతో లాగి ఎరువుగుంటలోకి విసిరేస్తాడు. పిల్లలిద్దరూ పక్కనే కూర్చుని చూస్తారు. చూడనీ, పని నేర్చుకుంటారు అని ఆయనే అంటాడు.

"వాడు ఎదగడం లేదని అమ్మ పిన్నితో చెప్పింది," అంది పిల్ల. "ఏడ్చింది కూడా. నేను విన్నాను. అందుకే ఆదివారం లోపల..."

ఆమెకు నీళ్ళతొట్టి దగ్గర భయమేసింది. కాలవ పేరు వింటే భయమేసింది. గంప తన్నినప్పుడు ప్రాణం పోయినంత పనైంది. అవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. తన ఒళ్ళో పడుకునే పిల్లలు, తన చేతి ముద్ద తినే పిల్లలు, ఇన్ని రోజులుగా ఈ లెక్క వేసుకుంటూ బతికారా? అమ్మ కొలుస్తుంది, నాన్న ఏరతాడు! పిన్ని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొహం తిప్పుకుంది. తల్లి మేస్త్రమ్మను దగ్గరికి లాక్కుంది. తను కొట్టిన చెంప మీద వేళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"పిచ్చిదానా, పిల్లల్ని ఎవరైనా పారేస్తారటే?"

"మరి మొక్కల్ని పారేస్తారుగా."

"మొక్కలు వేరమ్మా, మీరు వేరు," అన్నాడు తండ్రి. "మీరు ఎదిగినా ఎదక్కపోయినా ఎవ్వరూ ఎక్కడా పారెయ్యరు. ఎప్పుడూ పారెయ్యరు. అర్థమైందా?"

"వాణ్ణి కూడానా?"

"వాణ్ణి కూడా."

బుడ్డోడు ఇదంతా పట్టించుకున్నట్టు లేడు. తిమ్మిరి వదిలిందో లేదో లేచి, తల్లి ముందుకు వచ్చి, మడమలు దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడ్డాడు. ఒంటి మీంచి మట్టి రాలుతోంది.

"కొలువమ్మా."

ఆమె చెయ్యి అలవాటుగా టేపు మీదికి వెళ్ళింది. అప్పుడు గమనించింది. వాడు టేపు వైపు చూడటం లేదు, తన మొహం వైపు చూస్తున్నాడు. ఎప్పుడూ అలాగే చూసేవాడు కాబోలు. ఆమె టేపు తీసి వాడి చేతిలో పెట్టింది.

"నాకు ఓపిక లేదురా. ఇది నువ్వే ఉంచుకో. మొక్కల్ని కట్టుకోవడానికి పనికొస్తుంది."

పొద్దు వాలుతుండగా తండ్రి ఎరువుగుంటలోకి దిగాడు. పోయిన ఆదివారం విసిరేసినవి చాలావరకు కుళ్ళిపోయాయి. వెతగ్గా వెతగ్గా చిటికెన వేలంత టమాటా మొక్క ఒకటి ఇంకా ఊపిరితో ఉంది. దాన్ని తెచ్చి నిమ్మగోతిలో నాటాడు. మేస్త్రమ్మ మట్టి నొక్కింది. తల్లి నీళ్ళు పోసింది. బుడ్డోడు పెద్ద గంపను ఈడ్చుకుంటూ వచ్చాడు.

"ఇప్పుడు ఎండ లేదుగా, గంప ఎందుకురా?" అంది ఆమె.

వాడు వినిపించుకోలేదు. గంప బోర్లించి, నేల మీద బోర్లా పడుకుని, అంచు కాస్త ఎత్తి లోపలికి మొహం పెట్టాడు.

"భయపడకు," అని గుసగుసగా చెప్పాడు మొక్కతో. "ఎదక్కపోయినా పారెయ్యరంట. ఇవాళే చెప్పారు."

ఆమె చేతిలోని నీళ్ళడబ్బా అలాగే వంగి ఉండిపోయింది. నీళ్ళన్నీ ఆమె పాదాల మీదే కారిపోయాయి.