పెరిగిన గడి

తడి తువ్వాలు కుర్చీ మీద ఎవరు వేశారన్న దగ్గర మొదలైంది.

"నేనే వేసేను. ఉరి తీసేయ్!" అంది మహతి.

మా అమ్మాయి తువ్వాలు ఆరేయకపోవడం కొత్త కాదు. ఇలా విరుచుకుపడటం కొత్త.

"ఏటయిందే నీకు?"

మహతి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. మాడుగులలో మా బాబాయి లక్ష్మీనరసింహం హల్వా కొట్టుకి ఆర్డర్ల ప్రోగ్రాం రాసింది తనే. పేరు, చిరునామా, కింద గమనిక, మూడే గడులు. చిరునామా పొడుగైతే టైపు చేస్తూండగానే ఆ గడి పెరుగుతుంది. అలా పెట్టమని పట్టుబట్టింది నేను. సగం మాటలు దాక్కునే గడి నాకు నచ్చలేదు.

"ఇది పాతది. సూడు," అంటూ పొడుగాటి చిరునామా కొట్టింది. గడి పెరిగింది. కింది గడి మాత్రం జరగలేదు. అందులో రాసిన 'జీడిపప్పు వద్దు' పై గడి వెనక్కి పోయింది.

పోయిన వారం ఆ కొట్టు హల్వా తిని జీడిపప్పు పడని ఒక పిల్లాడికి మొహం వాచి, ఆస్పత్రిలో పెట్టారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. ప్యాకింగు చేసే సంధ్యారాణిని బాబాయి పనిలోంచి తీసేశాడు.

"తెర మీద ఆ మాట లేదని మొత్తుకుందటమ్మా."

"మరి తాతయ్య సూసుకోలేదా?"

"సూసేడు. అప్పటికే నేను సరిచేసి పంపించీసేను, ఎవరికీ సెప్పకుండా. ఆయన తెరిస్తే మాట కనబడింది. అబద్ధాలాడతన్నావని అందరి ముందూ తిట్టేడట."

"ఎవరికీ తెలీదు కదా," అన్నాను.

మహతి నా మొహంలోకి చూసి ల్యాప్‌టాప్ మూసేసింది.

వంటింట్లో వంకాయలు తరుగుతుంటే సంధ్యారాణి చేతులే కనబడ్డాయి. కాగితం అంచుకి అంచు కలిపి మడిచేది. అందరి పనికీ వంకలు పెట్టే నాకు ఆవిడ పనిలో ఏ వంకా దొరకలేదు.

భోజనాల దగ్గర మా ఆయన ఫణిశ్రీనివాస్ హుషారుగా ఉన్నారు. "మాడుగుల మావయ్యగారు ఫోన్ చేసేరు. మన గుంట రాసిన ప్రోగ్రాం బెమ్మాండమట. అనకాపల్లిలో వాళ్ల వియ్యంకుడి కొట్టుకీ పెట్టమంటన్నారు!"

మహతి అన్నం కలుపుతూనే ఉంది. ముద్ద ఎత్తడం లేదు.

"తిన్నాక మేమిద్దరం మాడుగుల వెళ్తన్నాం," అన్నాను.

"ఇప్పుడెందుకే?"

"ముందు సంధ్యారాణి ఇంటికి. ఆవిణ్ణి తీసుకుని కొట్టుకి. ఆ రోజు ఆవిడకి తెర మీద ఏం కనబడిందో మహతి అందరి ముందూ సూపిస్తాది. గడి పెంచమన్నది నేనని నేను సెప్తాను."

జరిగింది చెప్పేసరికి ఆయన చేతిలో చారు గరిటె ఆగిపోయింది. "మావయ్యగారు ఊరుకుంటారా?"

"ఊరుకోరు," అన్నాను. "అయినా వెళ్తన్నాం."