ఎర్ర నెయిల్‌పాలిష్ చుక్క

"పీజీలో చేరుతూ కూడా ఆ డొక్కు విండోస్ ల్యాప్‌టాప్ ఏంటే? మ్యాక్ తీసుకో" అని అన్నయ్య నెలరోజులు చెవిలో జోరీగలా రొదపెడితే, పాతది దుకాణంలో ఇచ్చేసి మ్యాక్ తెచ్చుకున్నాను.

మొదటి రోజే ల్యాబ్‌లో అసలు సంగతి బయటపడింది. మట్టి పరీక్షల సాఫ్ట్‌వేర్ మ్యాక్‌లో పనిచేయనే చేయదట! కొనేముందు డిపార్ట్‌మెంట్‌ని ఒక్క ముక్క అడగాలని అన్నయ్యకు తోచలేదు సరే, నా మట్టిబుర్రకేమైంది?

"పోనీలేమ్మా, నిన్ననే ఓ సెకండ్‌హ్యాండ్ విండోస్ కొన్నాం, దాని మీద చేసుకో" అంటూ ల్యాబ్ అసిస్టెంట్ బీరువాలోంచి ఒకటి తీసిచ్చాడు.

మూత తెరిచి చూద్దును కదా, అక్షరం చెరిగిన కీ మీద నేను పెట్టుకున్న ఎర్ర నెయిల్‌పాలిష్ చుక్క!

"మెల్లిగా వాడమ్మా" అన్నాడాయన. "ఏ మహాతల్లి చేతిలో ఉండేదోగానీ, గొడ్డును బాదినట్టు బాదింది దీన్ని."