వదలాల్సిన చెయ్యి

అన్నదమ్ములిద్దరూ తాళ్లకు వేలాడే ఒకే పలక మీద నిలబడి ఎత్తైన భవనాలకు రంగులేసేవాళ్లు. పదకొండు నెలలుగా వాళ్ల మధ్య మాటల్లేవు. ఎత్తు, దించు, బకెట్టు అనే మూడు ముక్కలతోనే రోజు గడిచిపోయేది. అయినా మా జోడీ విడదీయండని ఇద్దరిలో ఎవరూ మేనేజరును అడగలేదు.

గొడవంతా తండ్రి గురించి. ఆయన గుండెకు ఆపరేషన్ చేయిద్దామన్నాడు చిన్నవాడు. ఈ వయసులో కోతలెందుకు, మందులతో నెట్టుకొద్దామన్నాడు పెద్దవాడు. పెద్దవాడి మాటే చెల్లింది. నెల తిరక్కుండానే తండ్రి పోయాడు. నాన్నని చంపింది నువ్వేనని తమ్ముడు నలుగురిలో అనేశాడు.

ఆ ఉదయం పన్నెండో అంతస్తు దగ్గర పని. మూల అందడం లేదని పెద్దవాడు తన బెల్టు కొక్కేన్ని, పడకుండా కాపాడే తాడు నుంచి ఒక్క నిమిషం తీశాడు. ఇరవై ఆరేళ్ల అనుభవం మరి. అనుభవం కళ్లు తెరిపిస్తుందంటారు గానీ, ఒక్కోసారి గంతలు కూడా కడుతుంది. అప్పుడే పైన ఏదో ఫట్‌మంది. పలక అతని వైపు ఒక్కసారిగా ఒరిగిపోయింది. బకెట్టు జారిపోయింది. అది నేలను తాకిన చప్పుడు చాలాసేపటికి గానీ వినబడలేదు.

పెద్దవాడు పలక అంచు కడ్డీని రెండు చేతులా పట్టుకుని వేలాడుతున్నాడు. అరచేతుల్లో రంగు తడి. చావు దగ్గరికొస్తే కడుతున్న ఇల్లో, కూతురి పెళ్లో గుర్తొస్తాయనుకునేవాడు. ఏవీ రాలేదు. చిన్నప్పుడు తమ్ముణ్ని భుజాలకెక్కించుకుంటే, పడిపోతానని వాడు జుట్టు పట్టుకు లాగిన నొప్పి ఒక్కటే గుర్తొచ్చింది.

తమ్ముడు ఒరిగిన పలక మీద పాక్కుంటూ దిగాడు. జానెడు కదిలితే చాలు, పలక కిర్రుమంటోంది. వాడి బెల్టు తాడు చాలక ఇంకో మూరెడు దూరంలో ఆగిపోయాడు. అన్న కొక్కెం అతని నడుము దగ్గరే ఊగుతోంది. అది చేతికందితే తన తాడుకు తగిలించగలడు.

"ఒక చెయ్యి వదిలి కొక్కెం ఇలా ఇవ్వు" అన్నాడు.

"వదల్లేనురా. భయంగా ఉంది."

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. ఆ తర్వాత మిగతాదీ ఆగలేదు.

"నాన్నప్పుడూ ఇంతే. ఆపరేషన్ బల్ల మీదే పోతాడేమోనని భయపడి వద్దన్నాను. తెలివి కాదురా అది."

తమ్ముడు చెయ్యి ఇంకాస్త చాచాడు. "నాకూ భయమే అన్నయ్యా. అందుకే గట్టిగా పట్టుబట్టకుండా నిర్ణయం నీ మీదికి తోసేశాను, తప్పు కూడా నీ మీదికే తోశాను. ముందు చెయ్యి వదులు."

వదిలాడు. కొక్కెం తడుముకుని పైకి అందించాడు. అది తమ్ముడి తాడుకు టక్కుమని పడింది. మరుక్షణం రెండో చెయ్యి కూడా జారింది. బెల్టు నడుమును కోసేస్తూ నిలబెట్టింది. లోపలి ఆఫీసువాళ్లు కిటికీ తెరిచి, ఒకరి తర్వాత ఒకర్ని లోపలికి లాగారు.

మేనేజరు వచ్చి కేకలేశాడు. కొక్కెం తీసింది నేనేనని పెద్దవాడు దాచకుండా చెప్పాడు.

లిఫ్టు ఎక్కబుద్ధి కాక ఇద్దరూ మెట్లు దిగారు. ఆరో అంతస్తు దగ్గర మళ్లీ వాదనే. ఆపరేషన్ చేయిస్తే బతికేవాడని తమ్ముడు, ఎలాగూ పోయేవాడని అన్న. ఎవరూ తగ్గలేదు. ఇద్దరూ మెట్ల మీదే కూర్చున్నారు. పైనుంచి ఫైళ్లు పట్టుకుని వచ్చినామె దారి అడిగితే చెరో పక్కకు జరిగారు.

ఆమె వెళ్లాక, ఈ పూట భోజనానికి ఇంటికి రమ్మన్నాడు తమ్ముడు. వదినకూ ఫోన్ చేయమన్నాడు.

"పిల్లలు బడి నుంచి ఎన్నింటికొస్తారు?" అని అడిగాడు పెద్దవాడు.

తమ్ముడు చెప్పడం మొదలుపెట్టాడు. తన పెద్ద పిల్లాడి బడి కబురు, చిన్నదాని ఊడిన పన్ను కబురు, అన్నీ. కింది దాకా చెబుతూనే ఉన్నాడు.