హార్లన్ వదిలేసిన రెండు గళ్లు

హార్లన్ టిబెట్స్ ఓటు పది గంటల పది నిమిషాలకు వచ్చేది. ఇరవై రెండేళ్లుగా అదే సమయం.

సీజన్‌లో ప్రతి ఆదివారం అరవై ముగ్గురు క్రీడా విలేకరులు బర్మింగ్‌హామ్‌లోని మా వార్తా సంస్థకు ఫోన్ చేసి, కాలేజీ ఫుట్‌బాల్ జట్లలో తమ లెక్కన మొదటి ఇరవై పేర్లు చెప్పేవారు. నేను రాసుకునేవాణ్ని. నాతో పనిచేసే ఓపల్ స్ట్రిక్లండ్ స్థానాన్ని బట్టి పాయింట్లు వేసి కూడేది. సీజన్ చివర, కొత్త సంవత్సరం నాడు, ఆహ్వానం మీద జరిగే బౌల్ ఆటలు ముగిసిన మర్నాడు చివరి లెక్క. అందులో పైనున్న జట్టే జాతీయ విజేత. వందకు పైగా జట్లు. ఒక్కోటి ఆడేది పన్నెండు ఆటలు. అందరూ అందరితో ఆడటం కుదరదు. అందుకని ఓటు.

ఓటరెవరో గొంతును బట్టి పోల్చుకునేవాళ్లం. వేరే తనిఖీ లేదు. అందరూ ఒకటి నుంచి కిందికి చెబితే హార్లన్ ఇరవై నుంచి పైకి చెప్పేవాడు. ఐదు పేర్లకోసారి ఆగి, కాఫీ గుటక వేసి, "రాసుకున్నావా, అబ్బాయ్?" అనేవాడు. నాకు యాభై నాలుగు. ఆయన మిసిసిపీలో బెల్‌ఫోర్క్ అనే ఊరి వారపత్రికలో పనిచేసేవాడు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఏడాది కాల్డర్ స్టేట్, ఓకోనీ రెండూ ఒక్క ఆటా ఓడలేదు. వాటి లీగ్‌ల ఒప్పందాల ప్రకారం ఒక్కోటి ఒక్కో బౌల్ ఆటకే వెళ్లాలి. ఒకటి మయామీలో గెలిచింది, ఒకటి న్యూ ఆర్లిన్స్‌లో గెలిచింది. రెండూ తలపడలేదు.

చివరి లెక్క వారంలోనే, గురువారం, కాలేజీ అధ్యక్షుల సమావేశం. నాలుగు జట్ల మధ్య నాకౌట్ పెట్టి విజేతను తేల్చాలన్న ప్రతిపాదన మీద ఓటింగ్. వద్దని చెప్పడానికి సంస్థ నన్ను పంపుతోంది. ప్రతిపాదన నెగ్గితే మా లెక్కకు పని లేదు, నాకూ లేదు. నా ప్రసంగంలో మొదటి వాక్యం: "మా ఓటర్లను గొంతు వినే గుర్తుపడతాం."

జనవరి రెండున పది గంటల పది నిమిషాలకు ఫోన్ మోగింది. హార్లన్ ఇరవై నుంచి మూడు దాకా చెప్పి ఆగాడు.

"పై రెండూ ఖాళీగా వదిలెయ్, అబ్బాయ్."

"వదిలేస్తే ఎలా హార్లన్? ఈ రోజు తేల్చాలి."

"వాళ్లిద్దరూ ఆడితే కదా తేలేది? ఆడని ఆట గురించి నన్నడుగుతావేం?"

ఫోన్ పెట్టేశాడు.

ఓపల్ కూడింది. మిగతా అరవై రెండు ఓట్లలో ముప్పై ఒకటి కాల్డర్‌ను పైన పెట్టాయి, ముప్పై ఒకటి ఓకోనీని. రెండో స్థానాలూ అలాగే తిరగబడి వచ్చాయి. పాయింట్లు సమానం.

బతిమాలదామని బెల్‌ఫోర్క్ పత్రికకు ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తింది.

"హార్లన్ గారా? అయ్యో, ఆయన్ని అక్టోబరు పన్నెండున పూడ్చాం కదండీ. మీకు ఎవరూ చెప్పలేదా?"

"ఇందాకే ఆయన మాట్లాడారమ్మా."

"ఎక్కణ్నుంచి? మా ఆఫీసులో ఫోను ఇదొక్కటే. పొద్దుట్నుంచీ నా ముందే ఉంది."

అక్టోబరు పన్నెండు తర్వాతి కాగితాలు తీశాను. ఎనిమిది ఆదివారాలు, ఎనిమిది కాగితాలు, నా చేతిరాత. అంతకుముందు ఆయన మాట వెనక టైప్‌రైటర్ల చప్పుడు వినబడేది. ఈ ఎనిమిది వారాల్లో ఆ చప్పుడు విన్న గుర్తు లేదు.

ఓపల్ వాటిని మా లెక్కల పక్కన పరిచింది. వేలితో ఒక్కో వరసా పోల్చింది.

"వర్న్, ఇది చూడు. ఈయన చెప్పిన ఇరవై పేర్లూ ఆ తర్వాతి వారం మనకు తేలిన లెక్క. వరస కూడా అదే. శనివారం ఆటలో ఓడబోయే జట్టుని ఆరు రోజుల ముందు ఆదివారమే కిందికి దించేశాడు."

"ఎన్ని వారాలు?"

"అన్నీ." పెన్సిలు కింద పెట్టింది. "బతికున్నోళ్లకే ఇంత శ్రద్ధ లేదు."

పదకొండున్నరకు మా పై ఎడిటర్ గ్రేడీ న్యూయార్క్ నుంచి ఫోన్ చేశాడు. విషయం చెప్పాను.

"ఎవడో మిమిక్రీ చేశాడయ్యా. ఆ రెండు గళ్లూ నువ్వే నింపు. సమానమని పంపితే గురువారం నీ నోట్లో మట్టే."

పెన్సిలు తీసుకుని ఒకటో గడిలో ఓకోనీ అని రాశాను. రెండో గడికి వచ్చేసరికి పక్క ఫోన్ మోగింది. ఓపల్ ఎత్తి, విని, నాకిచ్చింది.

కాఫీ గుటక వినబడింది.

"ఏం రాశావ్, అబ్బాయ్?"

రాసింది చెరిపేశాను. పాయింట్లు సమానమని వార్త పంపాను.

గురువారం ప్రసంగం జేబులోంచి తియ్యలేదు. ఎనిమిది కాగితాలూ తేదీలతో చదివాను. తర్వాత పూడ్చిన తేదీ చదివాను. ఎవరూ నవ్వలేదు. ఒక అధ్యక్షుడు లేచాడు.

"ఇంతకీ ఎవరయ్యా గెలిచింది?"

"ఆడలేదండీ."

ప్రతిపాదన నెగ్గింది. ఆగస్టులో మా ఫోన్లు తీసేశారు. నన్ను హైస్కూలు ఆటల డెస్కుకు మార్చారు. ఓపల్ పదవీ విరమణ చేసింది.

మరుసటి జనవరిలో నాకౌట్ తొలి ఫైనల్. మళ్లీ కాల్డర్, ఓకోనీలే. ఆట మధ్యాహ్నం రెండింటికి. టికెట్ కొనుక్కుని, పొద్దున్న ఇంట్లో షేవింగ్ చేసుకుంటున్నాను. ఫోన్ మోగింది. గడియారం చూడలేదు. చూడక్కర్లేదు.

అలవాటు కొద్దీ పెన్సిలు తీసుకున్నాను. ఆయన ఇరవై నుంచి మొదలుపెట్టాడు. ఐదు పేర్లకోసారి ఆగాడు. రాసుకున్నానన్నాను. మూడు దాకా వచ్చాడు.

"ఈసారి ఖాళీలేం లేవు, అబ్బాయ్," అన్నాడు. "రెండు..."

ఫోన్ పెట్టేశాను. మళ్లీ మోగింది. కోటు వేసుకుని, అది మోగుతుండగానే తలుపు తాళం వేసి స్టేడియానికి బయల్దేరాను.